మొగ జరిగిన చోటు

డే అండ్ నైట్ జంక్షన్లో నాది మూడు కంప్యూటర్ల కొట్టు.
రెండు పనిచేస్తాయి.
పాన్ కార్డు, పింఛను, రైలు టికెట్టు, రైతుల కేవైసీ:
దేనికి ఏ కాగితం కావాలో నన్నడగండి.
అది దొరక్కపోతే ఏ కిటికీ దగ్గర ఏడవాలో కూడా చెబుతాను.

ఆ ఫారం మాత్రం నేనెప్పుడూ చూళ్లేదు.
పద్నాలుగు పేజీలు. పైన మూడు సింహాలు.
దేశం మొత్తమ్మీద పీహెచ్‌డీ వాళ్లలో
ఏరి ఏరి ఇస్తారట.
నెలకెంతో చదివి
నా కుర్చీలో నేను సర్దుక్కూర్చున్నాను.

గడువు ఆ రాత్రి పన్నెండు.
తొమ్మిదింబావుకి వచ్చింది,
ఎచ్చెర్ల హాస్టల్లో నెట్టు చచ్చిపోయిందని.
సూరాడ నూకరత్నం.
చేతిలో పాలిథిన్ కవరు,
కవర్లో కులం, ఆదాయం, నివాసం,
తడవకుండా నాలుగు మడతలు.

పరిశోధనాంశం?
"వంశధార మొగ అండీ. జరుగుతోంది."
ఎటు?
"అదే కదండీ నా పని."

దేశానికి ఉపయోగమేమిటో చెప్పాలి,
వెయ్యి అక్షరాలకు మించరాదు.
పెన్‌డ్రైవ్‌లో తెచ్చింది పదకొండు వందల నలభై.
కూరగాయలు తరిగినట్టు కూర్చుని తరిగాం.
ఇసుక తిన్నె ఉంచి, తాతని తీశాం.
ఆ తాత ఏటా గట్టున కర్ర పాతేవాడట,
కర్రకి పాత వల ముక్క కట్టి,
ఏరు ఎన్నడుగులు తిన్నదో అక్కణ్ణించి కొలిచేవాడట.
"అది ఆధారం కిందికి రాదండీ" అంది.
డిలీట్ నొక్కింది నేనే.

శాశ్వత చిరునామా దగ్గర చెయ్యాపింది.
ఎర్ర చుక్క గడి, నింపకపోతే ముందుకి పోనివ్వదు.
"పుట్టినిల్లు నీళ్లలో ఉందండీ.
మా వీధి వీధంతా.
రామమందిరం మెట్లు మాత్రం ఆటుకి బయటపడతాయి."
రేపు వానంట అన్నట్టు చెప్పింది.
ఆధార్లో ఉన్నదే కొట్టమంది.
ఇంటి నంబరు రెండు బై నలభై ఒకటి.
సిస్టం ఒప్పుకుంది,
పచ్చటి టిక్కు కూడా పెట్టింది.

పదకొండూ ఇరవై. ఓటీపీ.
ఆమె ఫోను మోగలేదు.
తుఫాను తరవాత క్యాంపులో ఆధార్ తీసినప్పుడు
ఇంటికంతా ఒకటే ఫోను, అన్న ఎర్రయ్యది.
ఎర్రయ్య వీరావల్ బోటు మీదున్నాడు.
పది నిమిషాల ఆయుష్షున్న ఆరంకెలు
గుజరాత్ నీళ్ల మీద ఎక్కడో
సిగ్నల్ వెతుక్కుంటున్నాయి.

మళ్లీ పంపు.
మళ్లీ పంపు నొక్కాక
ఇంకొక్కసారే మిగిలిందని తెర హెచ్చరించింది.
టీ తెప్పించాను, తాగలేదు.
చేతులు ఊరుకోక
మూడో కంప్యూటర్ వెనక వైర్లన్నీ విప్పి
వరసగా కట్టడం మొదలెట్టింది.
నేను వద్దనలేదు.

పదకొండూ నలభై ఆరు.
"ఏటే గుంటా, ఈ అంకెలేటి? లాటరీ తగిలిందేటి?"
వెనక ఇంజను. జెట్టీకి దగ్గరపడ్డారేమో,
ఐసు, ఐసు అని ఎవరివో కేకలు.
"బేగి సదువు! నోరు మూసుకుని సదువన్నా!"
అరిచిందీమె,
అంతసేపూ అండీ అండీ అన్న మనిషి.
నాలుగు. సున్నా. తొమ్మిది.
తొమ్మిదా, ఆరా?
తొమ్మిదేనే, తోక కిందికుంది.

రసీదు ఒక్క కాగితం.
దరఖాస్తు స్వీకరించబడినది. ఇది ఎంపికకు హామీ కాదు.
డబ్బులొద్దందామనే అనుకున్నాను.
అరవై, అన్నాను.
లెక్కపెట్టి ఇచ్చి, చల్లారిన టీ గడగడా తాగేసి
ఆటో ఉందో లేదో అని పరిగెత్తింది.

కొట్టు కట్టేముందు అందరి కాగితాలూ తుడిచేస్తాను.
అది నా కొట్టు నియమం.
ఆధార్లు, కులాలు, బొటనవేళ్లు అన్నీ పోయాయి.
ఆ పదకొండు వందల నలభై అక్షరాల ఫైలొకటి మిగిలింది,
లోపల ముసలాయన కర్రతో సహా.
రేపు తుడుద్దాంలే అనుకున్నాను.

అలా అనుకుని నెల దాటింది.
మూడో కంప్యూటర్ కూడా ఇప్పుడు పనిచేస్తోంది.